గబ్బిలమునకు రాడారు కలదా?

గబ్బిలమునకు రాడారు కలదని మన విద్యార్థులు వ్రాయుచుందురు. ఇది నాకు సమ్మతము కాదు. రాడారునకు రేడియో తరంగములు కావలెను. గబ్బిలమునకు ధ్వని చాలును. 1793లో ఇటలీ శాస్త్రజ్ఞుడు స్పల్లాంజానీ, చూపు పోయిన గబ్బిలములు సైతము అడ్డుకట్టిన దారములను తప్పించుకొని యెగురుట కనుగొనెను. చెవులు మూసినచో అవి తడబడునని మరుసటి యేట జూరీన్ తెలిపెను. ఆ కేకలు సాధారణముగా మన చెవికందవు. 1938లో అమెరికాలో గ్రిఫిన్ యంత్రసాయమున వానిని పసిగట్టెను. రాడారు పేరు పుట్టకమున్నే గబ్బిలమున కీ విద్య గలదు. పోలిక చెప్పదలచినచో యంత్రమునే గబ్బిలముతో పోల్చవలెను.

పరభాషలో నిర్వచనము వల్లించుటకంటె, ‘ప్రతిధ్వని’ యను మన మాట యెరిగిన బాలునికి ఇది నిమిషములో బోధపడును గదా! తల్లిదండ్రులు దీనిని యోచింపవలెను.

అన్నట్లు, మఱ్ఱికొమ్మలకు వ్రేలాడు పెద్ద గబ్బిలములకు ఈ విద్య లేదు. అవి కన్నులతోనే దారి చూచుకొనును. సంధ్యవేళ పురుగులకై తిరుగు చిన్నవానిని గమనింపుడు.