సొమ్మొకరిది, సోకొకరిది

ప్రవాస సాహిత్యం మీద ఇటీవల జరిగిన ఒక సదస్సుకు మా పత్రికలో రాసేవారొకరు వ్యాసం పంపారు. ఎమ్‌.ఐ.ఎ. అనే పేరుతో లోకానికి తెలిసిన లండన్ తమిళ గాయని, సంగీత నిర్మాత మాతంగి ‘మాయా’ అరుళ్‌ప్రగాసం గురించి. వ్యాసం తిరిగొచ్చింది. తిరిగి రావడంలో వింతేమీ లేదు, సదస్సు నడిపేవారికి సవాలక్ష ఇబ్బందులుంటాయి. వింతంతా వెంట వచ్చిన రెండు ముక్కల్లో ఉంది. పాట ప్రవాస సాహిత్యం కిందికి రాదన్నది మొదటి ముక్క. సరే, ఆ గీత ఎవరు గీశారో ఇంకోసారి అడుగుదాం. రెండోదే అసలు సంగతి: ఆ పాటలు ఎటూ కంప్యూటర్ మీద ఎవరో చేసిపెట్టినవే కదా, అందులో ఆమె చేసిందేముంది?

ఈ మాట ఆ నిర్వాహకులకు సొంతంగా తట్టిందేమీ కాదు. ఇంగ్లీషు సంగీత పత్రికలు ఒకప్పుడు తెగ అరగదీసిన మాటే. అక్కడ అనుమానంగా బయల్దేరింది, సముద్రాలు దాటి మన దాకా వచ్చేసరికి తీర్పై కూర్చుంది. అందుకే ఈ నాలుగు పేజీలు దానికి కేటాయిస్తున్నాం.

మాయా 1975లో లండన్ శివారు హౌన్స్‌లోలో పుట్టింది. ఆర్నెల్ల పిల్లగా ఉండగా కుటుంబం శ్రీలంకలోని జాఫ్నా చేరింది. తండ్రి అరుళర్, తమిళులకు వేరే దేశం కోరిన ‘ఈరోస్’ అనే ఈళం సంస్థ వ్యవస్థాపకుల్లో ఒకరు. ఇంటికి ఎప్పుడు వస్తాడో, ఎప్పుడు పోతాడో తెలియని మనిషి. అక్కడ అంతర్యుద్ధం ముదిరాక తల్లి కళ పిల్లలను వెంటబెట్టుకుని కొన్నాళ్లు మద్రాసులో తలదాచుకుంది. 1986లో శరణార్థిగా మళ్లీ లండన్ చేరింది. పుట్టిన దేశానికే పరాయిదానిగా వచ్చేనాటికి మాయాకు పదకొండో ఏడు నిండబోతోంది. మిచమ్‌లోని ప్రభుత్వ గృహ సముదాయంలో కాపురం, తల్లికి కుట్టుపని. అప్పటి బ్రిటన్ రాణి పేరు మీద ఇచ్చిన సత్కార పతకాల కుట్టుపని కూడా ఆ తల్లి చేతిదే. 2019లో కూతురికి అలాంటి సత్కారమే, ఎమ్‌బీఈ, ప్రకటించినప్పుడు ఈ సంగతి పత్రికల్లో తియ్యటి ముచ్చటగా వచ్చింది. దశాబ్దాలపాటు ఆ పతకాలు రొమ్మున పెట్టుకుని ఫొటోలు దిగిన పెద్దమనుషుల్లో వాటిని కుట్టిందెవరని అడిగిన వాడెవడైనా ఉన్నాడా అని మాకు అనుమానం. మేం చెప్పదలచుకున్న విషయం కూడా అదే, కాకపోతే పతకం బదులు పాట.

సెయింట్ మార్టిన్స్ కళాశాలలో ఆమె చదివింది సినిమా. సంగీతం చదువుకోలేదు. ‘ఎలాస్టికా’ అనే బ్రిటిష్ బృందం వెంట వీడియోలు తీయడానికి తిరుగుతున్నప్పుడు, అదే వేదికల మీద పాడుతున్న పీచెస్ అనే గాయని రోలాండ్ ఎమ్‌సీ-505 యంత్రాన్ని ఎలా వాడుతోందో దగ్గర నుంచి చూసింది. డ్రమ్ములు, సింథసైజర్, సీక్వెన్సర్ మూడూ ఒకే పెట్టెలో ఇమిడిన యంత్రం అది. వాద్యబృందం అక్కర్లేదు, స్టూడియో అద్దె కట్టనక్కర్లేదు. మంచం మీద కూర్చుని ఒక్కో మీటా నొక్కుతూ దరువు పేర్చుకోవచ్చు. ఎలాస్టికా గాయని జస్టిన్ ఫ్రిష్‌మన్ దగ్గరున్న ఆ పెట్టెనే అరువు తీసుకుని, దానిమీద మొదటి పాటలు కట్టింది. ‘గలాంగ్’ 2003లో కేవలం 500 వినైల్ రికార్డులుగా వచ్చింది. దానికి ఫ్రిష్‌మన్ సహరచయిత్రి. స్టీవ్ మకీ, రాస్ ఆర్టన్ నిర్మాణంలో చేయి వేశారు. ఈ పేర్లేవీ ఆమె దాచలేదు. 2005లో తండ్రి పేరుతో ‘అరుళర్’ ఆల్బమ్ వచ్చింది, మెర్క్యురీ బహుమతి తుది జాబితాకెక్కింది. బతకనేర్చిన తండ్రి కాకపోయినా పేరైనా పనికొచ్చింది.

అక్కడి నుంచి మొదలైంది గోల. ఆ రోజుల్లో ఆమెతో కలిసి పనిచేసిన అమెరికన్ డీజే డిప్లో, ఆల్బమ్‌కు ముందు ఇద్దరి పేరుతో ఒక మిక్స్‌టేప్ విడుదల చేశాడు. ఆల్బమ్‌లోనూ కొంత చేశాడు. విమర్శకులకు అది చాలింది. 2007లో రెండో ఆల్బమ్ ‘కళ’ వచ్చేసరికి, ఈ శబ్దమంతా డిప్లో బుర్రలో పుట్టిందనీ, ఆమె ముఖమూ గొంతూ మాత్రమేననీ రాతలు. ఆ ఆల్బమ్ అట్ట తిప్పి పేర్లు చదివితే తేలిపోయే విషయమిది. ఎక్కువ పాటలకు నిర్మాతలుగా ఉన్నవి ఆమె పేరూ, స్విచ్ అనే లండన్ డీజే పేరూ. పిచ్‌ఫోర్క్ పత్రికకు ఇచ్చిన ఇంటర్వ్యూలో ఆమె ఈ మాట మీద విరుచుకుపడింది. ఐస్‌లాండ్ గాయని బ్యోర్క్ మరుసటి ఏడాది మాయా ఉదంతాన్నే ఎత్తి చూపి, ఆడవాళ్లు తమ సంగీతాన్ని తాము చేసుకోగలరని నమ్మడానికి ఈ రంగానికి ఎందుకంత కష్టమని నిలదీసింది. బ్యోర్క్‌కు ఆ దెబ్బ సొంత అనుభవమే. తన ‘వెస్పర్‌టైన్’ ఆల్బమ్ లయల్లో సింహభాగం తానే ఏళ్ల తరబడి అల్లితే, చివర్లో వచ్చి చేయి వేసిన ఇద్దరు మగవాళ్లకు దక్కింది పేరు.

ఇక్కడ ఇంకో వలస మనిషి కథ చెప్పాలి. జార్జియో మోరోడర్ ఇటలీ కొండప్రాంతమైన దక్షిణ టైరోల్‌లో 1940లో పుట్టాడు. బతుకుదెరువుకు జర్మనీ వచ్చి మ్యూనిక్‌లో స్టూడియో పెట్టాడు. 1977లో డోనా సమ్మర్ గొంతుతో ‘ఐ ఫీల్ లవ్’ చేశాడు. దాదాపు అంతా మూగ్ సింథసైజర్ మీద కట్టిన ఆ పాటతోనే నేటి నృత్య సంగీతం పుట్టిందని చరిత్రలు రాస్తాయి. ఆ మూగ్ అతనిది కాదు, ఎబర్‌హార్డ్ షోనర్ అనే స్వరకర్తది. ఆ దుర్ఘట యంత్రాన్ని టేపుతో లయ తప్పకుండా నడిపే కిటుకు చూపించింది రాబీ వీడెల్ అనే ఇంజనీరు. ఈ సంగతి మోరోడరే స్వయంగా ఎన్నోసార్లు చెప్పాడు. పాట రచనలో పీట్ బెలోట్, డోనా సమ్మర్ కూడా భాగస్తులే. అయినా ఆ పాట చేసిందెవరు అంటే ఎవరైనా చెప్పేది మోరోడర్ పేరే. మూడు ఆస్కార్లు, 2013లో డాఫ్ట్ పంక్ ఆల్బమ్‌లో అతని జీవితకథ అతని గొంతుతోనే ఒక ట్రాకుగా. మాకు మోరోడర్ మీద కోపం లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు. అతని దగ్గర సాయం చేసినవాడు అడుగున చిన్న అక్షరాల్లో ఉండిపోయాడు. మాయాకు సాయం చేసినవాడు శీర్షికకెక్కాడు. అతనూ వలస మనిషే, ఆమే వలస మనిషే. తేడా ఎక్కడుందో పాఠకులకు విడమరిచి చెప్పక్కర్లేదు.

సంగీతం పదిమంది కలిసి చేసే పని, ఒక్కరికే కట్టబెట్టడం తగదనేవారున్నారు. ఆ న్యాయం ముందు మగవాళ్ల పేర్ల దగ్గర అమలుచేసి రండి, తర్వాత మాట్లాడదాం.

అసలు ‘కళ’ ఎలా తయారైందో చూడండి. 2006లో ఆమెకు అమెరికా వీసా చిక్కు వచ్చింది. అక్కడికి వెళ్లి టింబలాండ్ అనే పేరుమోసిన నిర్మాతతో ఆల్బమ్ చేయాలన్న ఆలోచన చెడింది. అమెరికా తలుపు తీయకపోతే ఆమె లోకమంతా తిరిగింది: ట్రినిడాడ్, జమైకా, లైబీరియా, ఆస్ట్రేలియా, చెన్నై. చెన్నైలో ఉరుమి మేళగాళ్లను పిలిచి రికార్డు చేసింది. ‘బర్డ్ ఫ్లూ’ పాట అంతా ఆ డప్పుల మీదే పరుగెత్తుతుంది. ఉరుమి అంటే నడుము సన్నంగా ఉండే జంట ముఖాల వాద్యం. ఒక ముఖాన్ని పుల్లతో కొడతారు. రెండో ముఖం మీద వంపు కర్రను ఒత్తి రుద్దితే లోపల్నుంచి మూలిగినట్టు ధ్వని లేస్తుంది. అనంతపురం వైపు ఉరుముల నృత్యం చూసినవారికి ఆ మూలుగు తెలుసు. ఊరి జాతర్లలో మోగే ఆ వాద్యాన్ని కచేరీ సభలు గుమ్మం దాటనివ్వలేదు, వాయించేవారి కులం వల్ల. ఆ చప్పుడును తెచ్చి లండన్ క్లబ్బు స్పీకర్లలో పోయాలన్న బుద్ధి ఎవరికి పుట్టాలి? ఫిలడెల్ఫియాలో కూర్చున్న డిప్లోకా?

అదే ఆల్బమ్ మొదటి పాట ‘బాంబూ బంగా’లో ఇళయరాజా ఉన్నాడు. మణిరత్నం ‘దళపతి’లో బాలు, ఏసుదాసు పాడిన ‘కాట్టుక్కుయిలు’ ముక్కను కోసి అందులో అతికించింది. మనకు ‘సింగారాల పైరుల్లోనా’గా తెలిసిన పాటే. సంక్రాంతి మైకుల్లో మనం విని విని అరిగిపోయిన ఆ దరువును ఆమె దాని పండగ నుంచి ఊడబెరికి, ఒంటరి రోడ్డు మీద దూసుకుపోయే లారీ చప్పుడులా మార్చింది. ఇంకో పాట ‘జిమ్మీ’, బప్పీ లహిరి 1982లో ‘డిస్కో డాన్సర్’కు చేసిన పాటకు మారురూపం. శ్రీలంకలో చిన్నప్పుడు విందుల్లో ఆమె దానికే డాన్సు చేసేదట. వీటిని ఏరడం, ఎక్కడ కోయాలో నిర్ణయించడం, దేని పక్కన దేన్ని పెట్టాలో తేల్చుకోవడం రచన కాదంటే, ఇక దేన్ని రచనంటారో ఆ సదస్సు పెద్దలే సెలవివ్వాలి. శ్రీనాథుడు సంస్కృత నైషధాన్ని తెలుగు చేస్తే కవిసార్వభౌముడు. మాతంగి ఇళయరాజాను లండన్ చేస్తే కంప్యూటర్ ఆపరేటరా?

అదే ఆల్బమ్‌లోని ‘పేపర్ ప్లేన్స్’ సంగతి అందరికీ తెలిసిందే. పల్లవిలో పిల్లల గొంతులు, వెంటనే తుపాకీ పేలుళ్లు, ఆనక దుకాణాల్లో గల్లాపెట్టె తెరుచుకునే గంట. అడుగున ‘ది క్లాష్’ బృందం 1982లో చేసిన ‘స్ట్రెయిట్ టు హెల్’ గిటారు. అదీ వలసవాళ్ల గురించి చేసిన పాటే, ఊరికే దొరికింది కదా అని తెచ్చి పెట్టింది కాదు. క్లాష్ బృందంలోని నలుగురి పేర్లూ రచయితల జాబితాలో ఉన్నాయి, డిప్లో పేరూ ఉంది. వీసాల కోసం తిరిగిన మనిషి, వలసవాళ్లంటే దేశానికి వచ్చే భయాన్ని తెచ్చి ఆ దేశం ముందే గంట వాయించి చూపించింది. ఎమ్‌టీవీ తుపాకీ చప్పుళ్లు తీసేసింది. లెటర్‌మన్ టీవీ షోలోనూ వాటిని మార్చేశారు. అంటే చప్పుడు ఏం చెబుతోందో వాళ్లకు బాగానే అర్థమైందన్నమాట. 2008లో ఆ పాట అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో నాలుగో స్థానానికి చేరింది. మరుసటి ఫిబ్రవరిలో గ్రామీ వేదిక మీద, నెలలు నిండిన కడుపుతో, నలుగురు పేరున్న రాపర్ల మధ్య ఆమె నిలబడింది. వాళ్లు పాడిన పాట ఆమె పాటలోంచి కోసుకున్న ముక్క మీద కట్టిందే. అదే ఏడాది ‘స్లమ్‌డాగ్ మిలియనేర్’లో రెహమాన్‌తో కలిసి రాసిన ‘ఓ సయా’కు ఆస్కార్ నామినేషన్ వచ్చింది. మనకు ‘జై హో’ గుర్తుంది.

డిప్లో, స్విచ్ తర్వాత ‘మేజర్ లేజర్’ బృందం పెట్టి లోకప్రసిద్ధులయ్యారు. ఆ ఇద్దరూ కలిసింది మాయా పనిలోనే. ఆమె వాళ్లను తయారుచేసిందని రాసిన విమర్శకుణ్ణి మాత్రం మేమింకా చూడలేదు.

ఆమెను నమ్మకపోవడానికి ప్రతిసారీ ఒక కొత్త సాకు దొరికింది. 2010లో న్యూయార్క్ టైమ్స్ మ్యాగజీన్ పెద్ద వ్యాసం వేసి, శరణార్థుల గురించి మాట్లాడుతూ ఖరీదైన ట్రఫుల్ ఫ్రైస్ తిందని ఎత్తిపొడిచింది. ఆమె తన దగ్గరున్న రికార్డింగు బయటపెడితే, ఆ ఫ్రైస్ మాట తెచ్చింది విలేఖరే అని తేలింది. ఒకచోట మాటల వరుస మార్చి వేసినందుకు పత్రిక సంపాదకీయ వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. 2012లో అమెరికన్ ఫుట్‌బాల్ ‘సూపర్ బౌల్’ వేదిక మీద మధ్యవేలు చూపించినందుకు ఆ ఆట నడిపే ఎన్‌ఎఫ్‌ఎల్ కోటి అరవై ఆరు లక్షల డాలర్లు కట్టమంది. టీకాల గురించీ మరికొన్నిటి గురించీ ఆమె ఇటీవలి మాటలు మాకు మింగుడు పడలేదు. అయితే మనిషి మాట నచ్చకపోతే ఆమె కట్టిన దరువు ఇంకొకరి ఖాతాలో రాసేస్తారా?

ఇంతా చెప్పి, ఇంగ్లీషువాళ్లను తిట్టి చేతులు దులుపుకుంటే మన ఇంటి సంగతి? మన ప్రవాస సంఘాల వేదికల మీద కథకూ కవితకూ పీట వేస్తారు, సినిమా పాటకు పందిరి వేస్తారు. న్యూజెర్సీలోనో డల్లాస్‌లోనో బేస్‌మెంటులో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, అమ్మమ్మ పాడిన ఏల పదాన్ని లూప్ చేసి దాని కింద బేస్ వేసే కుర్రదానికి ఏ వరుసలో కుర్చీ ఉంది? మన సినిమా సంగీతంలో కీబోర్డు ప్రోగ్రామింగ్ అడుగుపెట్టి మూడు దశాబ్దాలు దాటింది. తరతరాల హిట్లకు లయ పోసిన ఆ ప్రోగ్రామర్ల పేర్లు క్యాసెట్ అట్టల మీద వెతికితే ఎన్ని దొరుకుతాయి? సంగీత దర్శకుడు, గీత రచయిత, గాయకులు, అంతటితో సరి. ప్రోగ్రామర్ అమ్మాయైతే చెప్పనే అక్కర్లేదు, అన్నయ్యో భర్తో నేర్పించి ఉంటాడని మనవాళ్లే తేల్చేస్తారు.

సదస్సు తిప్పి పంపిన ఆ వ్యాసం పూర్తి పాఠాన్ని ఈ సంచికలోనే వేస్తున్నాం. ఇకమీదట మా పత్రికకు వచ్చే సంగీత సమీక్షల్లో శబ్దాన్ని తయారుచేసినవారి పేరు, ప్రోగ్రామింగ్, నిర్మాణం, మిక్సింగ్ చేసినవారి పేర్లతో సహా, తప్పనిసరిగా ఉండాలి. ఆ పేర్లు లేని సమీక్షను ఎంత పెద్దవారు రాసినా వేయబోము. సమీక్షకులు గమనించగలరు.