కాటా లేని తూకం

మన ఇళ్ళల్లో ఇప్పుడు తొమ్మిదో నెల గర్భిణిని అడిగే మొదటి ప్రశ్న "ఒంట్లో ఎలా ఉంది?" కాదు, "బేబీ వెయిట్ ఎంతన్నారు?". స్కానింగ్ సెంటర్ మెట్లు దిగకముందే ఫోన్లు మొదలు. 2.7 కిలోలంటే "అంతేనా, సరిగ్గా తినట్లేదేమో" అంటారు. 3.6 అంటే "అమ్మో, మరి నార్మల్ ఎలా అవుతుంది" అంటారు. ఏ అంకె చెప్పినా తప్పు కడుపుతో ఉన్న పిల్లదే. ఈ తంతు మీద నాకు చాలాకాలంగా కోపంగా ఉంది. ఇవాళ కక్కేస్తాను, ఏమీ అనుకోకండి.

అసలు పుట్టని బిడ్డని ఎవరూ తూచలేరు. స్కానింగ్ మిషన్లో కాటా ఉండదు. తెర మీద బిడ్డ తల వెడల్పు, తల చుట్టుకొలత, పొట్ట చుట్టుకొలత, తొడ ఎముక పొడుగు గీతలు గీసి కొలుస్తారు. ఆ కొలతల్ని ఒక లెక్కలో వేస్తే బరువు అంచనా వస్తుంది. చాలా మిషన్లలో ఉండే లెక్క 1985లో అమెరికాలో హ్యాడ్‌లాక్ అనే డాక్టరు, ఆయన బృందం కట్టినది. రైతు గడ్డివామి చుట్టూ ఒకసారి తిరిగి "ఇన్ని బళ్ళ గడ్డి" అని చెప్పడం లాంటిదే ఇది. అనుభవం ఉంది, లెక్క ఉంది, తూకం మాత్రం కాదు.

పైగా నెలలు నిండేకొద్దీ ఆ కొలతలు తీయడమే కష్టం. ఉమ్మనీరు తగ్గుతుంది, తల కిందికి దిగిపోతుంది, బిడ్డ ముడుచుకుని ఉంటుంది. పొట్ట చుట్టుకొలతలో ఒక్క సెంటీమీటరు తేడా పడితే బరువు 150 గ్రాములకి పైనే మారిపోతుంది.

ఇంట్లో పాత రిపోర్టు ఉంటే తీసి చూడండి. చాలావాటిలో బరువు పక్కన ప్లస్ ఆర్ మైనస్ గుర్తు, దాని పక్కన ఇంకో అంకె ఉంటాయి. 3200 గ్రాములు, ప్లస్ ఆర్ మైనస్ 480 అనుకోండి. అంటే 2720 నుంచి 3680 దాకా ఎంతైనా కావచ్చని ఆ కాగితమే చెప్తోంది. కిలోకి 150 గ్రాములు అటూ ఇటూ తూచే కొట్టులో మనం కందిపప్పు కొంటామా? స్కానింగ్ చేసినవాళ్ళది మోసం కాదు, ఉన్నదున్నట్టు రాశారు. ఆ రెండో అంకెని చదవంది మనం. చదివి కూడా చెప్పనిది కొందరు డాక్టర్లు.

మా చెల్లెలి కూతురికి పోయినేడాది 38వ వారంలో 3.8 కిలోలని వచ్చింది. షుగర్ లేదు, బీపీ లేదు, తల కిందికే ఉంది. "బిడ్డ పెద్దది, నొప్పుల దాకా ఆగితే రిస్క్, ఆపైన మీ ఇష్టం" అన్నారట ఆస్పత్రిలో. మీ ఇష్టం! నిండు నెలల్లో రిస్క్ అన్న మాట విన్నాక ఏ ఆడపిల్లకి ఇష్టమనేది మిగులుతుంది? ఆ సాయంత్రమే వాళ్ళ మామగారు పంచాంగం తీసి గురువారం బాగుందన్నారు. గురువారం ఉదయం ఆపరేషన్ అయింది. బిడ్డని నిజం కాటా మీద పెడితే 3.3 కిలోలు. తల్లీ బిడ్డా క్షేమం, అందరం స్వీట్లు పంచుకున్నాం. ఆ అరకిలో ఎక్కడికి పోయిందని మాత్రం ఒక్కరూ అడగలేదు. కుట్లు లాగుతుంటే లేచి బిడ్డని ఎత్తుకోలేక ఆ పిల్ల ఏడ్చిన రాత్రులు ఏ రిపోర్టులోనూ ఉండవు. రేపు రెండో కాన్పుకి "మొదటిది సిజేరియనే కదా" అంటారు, అయిపోయింది.

ఇది మా ఇంటి గొడవ ఒక్కటే కాదు. బిడ్డ పెద్దదని ముందుగా అనుమానం రాస్తే చాలు, పుట్టాక బరువు మామూలుగానే ఉన్నా, ఆ తల్లులకి సిజేరియన్లు ఎక్కువ అవుతున్నాయని పరిశోధనల్లో తేలింది. అంటే అక్కడ కత్తి పట్టించింది బిడ్డ సైజు కాదు, కాగితం మీది సైజు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. ప్రైవేటు ఆస్పత్రుల్లో అయితే 81.5. ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. దేశం మొత్తం మీద 21.5. ఇదంతా బరువు అంకె వల్లే అని నేననను. ముహూర్తాల పిచ్చి ఉంది, నొప్పులంటే భయం ఉంది, రాత్రంతా మేలుకుని కాన్పు చేసే ఓపిక ఆస్పత్రులకి లేకపోవడం ఉంది, బిల్లు సంగతి సరే సరి. కానీ మనవైపు ఆడవాళ్ళకి మాత్రమే దారి అంత ఇరుకని ఎవరైనా చెప్తే నమ్ముతామా?

ఇక మన పెద్దవాళ్ళు. "ఎక్కువ తింటే బిడ్డ లావై కాన్పు కష్టమవుతుంది" అని చివరి నెలల్లో అన్నం తగ్గించడం మన ఊళ్ళల్లో ఎప్పటినుంచో ఉంది. ఐరన్ మాత్రలు వేసుకుంటే బిడ్డ పెద్దదైపోతుందని గూట్లో దాచేసినవాళ్ళు నాకు తెలుసు. రక్తం లేని తల్లికి కాన్పులో పోయే రక్తమే ప్రాణం మీదికి తెస్తుంది, ఆ సంగతి ఎవరికీ పట్టదు. ఆస్పత్రి అందని కాలంలో ఆ భయానికి అర్థం ఉంది. ఇప్పుడు ఆస్పత్రి వీధి చివరే ఉంది, భయం మాత్రం పోలేదు, మిషన్ ఎక్కి కూర్చుంది. అంకె పెద్దదైతే పిల్ల కంచంలో అన్నం తీసేస్తారు, చిన్నదైతే నెయ్యి గుమ్మరిస్తారు. మా ఎదురింటి అమ్మాయికి 2.4 అన్నారని రెండు వారాలు రోజుకి నాలుగు గుడ్లు పెట్టారు. పుట్టినప్పుడు బాబు 2.9. అందులో కొంత బిడ్డ మామూలుగా పెరిగే బరువు, కొంత లెక్కలో తప్పిపోయిన బరువు అయ్యుంటుంది. వాళ్ళత్తగారు మొత్తం గుడ్ల ఖాతాలో రాసుకున్నారు.

స్కానింగే వద్దని నేనడం లేదు. తల్లికి షుగర్ ఉంటే బిడ్డ పొట్ట, భుజాలు లావెక్కుతాయి. తల బయటికొచ్చి భుజం ఇరుక్కుంటే నిమిషాల్లో ప్రమాదం. బిడ్డ ఎదుగుదల ఆగినా, మాయ నుంచి రక్తం సరిగ్గా అందకపోయినా పట్టుకునేది స్కానింగే. అలాంటప్పుడు డాక్టరు చెప్పిన రోజున చెప్పినట్టు చెయ్యాలి, నా మాటా వినక్కర్లేదు, అత్తగారి మాటా వినక్కర్లేదు. కదలికలు తగ్గాయనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా వెళ్ళాలి.

కానీ షుగర్ లేని తల్లికి, బిడ్డ పెద్దదన్న ఒక్క కారణంతో ముందే ఆపరేషన్ ఆలోచించడానికి అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం పెట్టుకున్న హద్దు 5 కిలోల అంచనా. షుగర్ ఉంటే 4.5. మనం 3.5 కే గుండెలు బాదుకుంటున్నాం. "వాళ్ళు దొడ్డ మనుషులు, మనవాళ్ళు పొట్టి" అంటారు. సరే, 5 వద్దు. అయినా బిడ్డకి దారి సరిపోతుందో లేదో చాలామందిలో నొప్పులు మొదలయ్యాకే తెలుస్తుంది. అప్పుడు బిడ్డ తల ఎముకలు ఒకదానిమీదొకటి జరిగి సర్దుకుంటాయి, తల్లి కటి కీళ్ళు సడలుతాయి. ఆ అవకాశమే ఇవ్వకుండా 38వ వారంలో కాగితం చూసి తీర్పు చెప్పడం దేనికి?

తమాషా ఏమిటంటే, అంతకుముందు పిల్లల్ని కన్న తల్లుల్ని "ఈసారి ఎంతుంటుంది?" అని అడిగితే, వాళ్ళ అంచనా కూడా స్కానింగ్‌కి ఇంచుమించు సాటి వచ్చిందని 1990ల్లో అమెరికాలో పరీక్షించి చూశారు. మన మాటకి మన ఇంట్లో ఆ విలువ కూడా లేదు.

నెలలు నిండిన అమ్మాయిలు ఎవరైనా ఇది చదువుతుంటే, డాక్టరుగారిని అడగండి. ఈ అంకెలో తేడా ఎంత ఉండొచ్చు? బరువు కాకుండా ఆపరేషన్‌కి ఇంకేదైనా కారణం ఉందా? నొప్పులొచ్చేదాకా ఆగితే ఏమవుతుందని మీ అనుమానం? ఒక్కరే వెళ్ళకండి, నోరున్న మనిషిని వెంట తీసుకెళ్ళండి. మంచి డాక్టరు ఈ ప్రశ్నలకి విసుక్కోరు.

ఫోన్లు చేసే అమ్మలం, అత్తలం, పిన్నులం అడగాల్సింది బిడ్డ బాగా కదులుతోందా, కాళ్ళు వాచాయా, రాత్రి నిద్ర పడుతోందా అని. మా తోడికోడలి కోడలికి వచ్చే నెల డ్యూ డేట్. మొన్న ఎవరో బరువెంతని అడిగితే "రెండున్నరకీ మూడున్నరకీ మధ్యలో ఉందండీ పిన్నిగారూ" అని చెప్పి ఫోన్ పెట్టేసిందట.