శంషాబాద్‌ గేటు దగ్గర కాదు.. ఇంట్లోనే ఆపాలి! ఉగ్రవాద వల ఫోన్‌లో ఎలా పడుతోంది? హైదరాబాద్‌ కేసులు ఏం చెబుతున్నాయి?

2015 జనవరి. శంషాబాద్‌ ఎయిర్‌పోర్ట్‌లో దుబాయ్‌ ఫ్లైట్‌ ఎక్కాల్సిన ఓ ఇంజనీర్‌ని హైదరాబాద్‌ పోలీసులు అదుపులోకి తీసుకున్నారు. అమెరికాలో చదివొచ్చిన వ్యక్తి. దుబాయ్‌ నుంచి టర్కీ, అక్కడి నుంచి సిరియా వెళ్లి ఐసిస్‌లో చేరాలన్నది ప్లాన్‌ అని పోలీసులు చెప్పారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో అదే ఎయిర్‌పోర్ట్‌లో మరో అరెస్ట్‌. ఈసారి యూఏఈ వెనక్కి పంపిన హైదరాబాదీ మహిళ. ఫేస్‌బుక్‌లో బ్రిటిష్‌ మహిళనంటూ దొంగ పేరుతో యువతను ఐసిస్‌ వైపు లాగారన్నది ఆమెపై ఆరోపణ. ఈ రెండు కేసులకీ లింక్‌ ఉందని పోలీసులు అప్పట్లో తేల్చారు.

అంటే ఒక ఫేక్‌ ప్రొఫైల్‌ దగ్గర మొదలైన పరిచయం బోర్డింగ్‌ పాస్‌ దాకా వచ్చింది. ఎయిర్‌పోర్ట్‌లో ఆపగలిగారు సరే. కానీ అది చివరి గేటు. అంతకు ముందున్న గేట్ల సంగతేంటి? ఇల్లు, కాలేజీ, ఫ్రెండ్స్‌.. వీళ్లెవరికీ ముందే ఎందుకు తెలియలేదు?

ఒకసారి కౌన్సెలింగ్‌ ఇస్తే సరిపోతుందా?

దీనికి జవాబు హైదరాబాద్‌లోనే ఉంది. 2014లో నగరానికి చెందిన నలుగురు యువకులు బంగ్లాదేశ్‌ మీదుగా దేశం దాటే ప్రయత్నంలో పశ్చిమ బెంగాల్‌లో దొరికారు. పోలీసులు వాళ్లని జైలుకి పంపలేదు. వెనక్కి తీసుకొచ్చి, కౌన్సెలింగ్‌ ఇచ్చి, తల్లిదండ్రులకి అప్పగించారు. కుర్రాళ్ల భవిష్యత్తు పాడవకూడదని తీసుకున్న నిర్ణయం అది.

ఏడాది తిరిగేసరికి, 2015 డిసెంబర్‌ చివర్లో, నాగ్‌పూర్‌ ఎయిర్‌పోర్ట్‌లో ముగ్గురు హైదరాబాద్‌ యువకులు పట్టుబడ్డారు. శ్రీనగర్‌ వెళ్లే ప్రయత్నం. వాళ్లలో 2014 నాటి బ్యాచ్‌కి చెందిన యువకుడూ ఉన్నాడు. అదే యువకుడిని 2018 ఆగస్టులో ఎన్‌ఐఏ ఇంకో కేసులో అరెస్ట్‌ చేసింది.

దీన్ని చూసి 'కౌన్సెలింగ్‌ వేస్ట్‌' అనేస్తే తప్పు. కేసు పెట్టకుండా ఇంటికి పంపడం వరకు మంచి పనే. లోపం ఆ తర్వాత ఉంది. ఇంటికొచ్చిన కుర్రాడికి ఫోన్‌ మళ్లీ చేతికొస్తుంది. పాత గ్రూపులు అలాగే ఉంటాయి. చుట్టాలు, ఫ్రెండ్స్‌ దూరం పెడతారు. చదువు ఆగిపోతుంది, ఉద్యోగం దొరకదు. అప్పుడు 'మేమున్నాం' అని మెసేజ్‌ పెట్టేది ఎవరు? పాత హ్యాండ్లరే. ఒక పూట క్లాస్‌తో పోయే విషయం కాదిది. నెలల తరబడి పక్కన ఒక మనిషి ఉండాలి.

ఇప్పుడు టికెట్‌ కూడా అక్కర్లేదు

పదేళ్ల కింద టార్గెట్‌ సిరియా. కాబట్టి పాస్‌పోర్ట్‌, వీసా, ఫ్లైట్‌.. ఎక్కడో ఒక చోట దొరికే ఛాన్స్‌ ఉండేది. ఇప్పుడు సీన్‌ మారింది. 'రావొద్దు, ఉన్నచోటే ఏదైనా చెయ్యి' అంటున్నారు హ్యాండ్లర్లు. 2025 మేలో విజయనగరం, సికింద్రాబాద్‌కి చెందిన ఇద్దరు యువకుల్ని పేలుళ్ల కుట్ర ఆరోపణపై అరెస్ట్‌ చేశారు. సోషల్‌ మీడియాలో నడిచిన వ్యవహారమని పోలీసులు చెప్పారు. తర్వాత కేసు ఎన్‌ఐఏకి వెళ్లింది. అదే ఏడాది నవంబర్‌లో గుజరాత్‌ ఏటీఎస్‌ హైదరాబాద్‌ డాక్టర్‌ ఒకరిని అరెస్ట్‌ చేసింది. ఆయన ఉండేది శంషాబాద్‌కి దగ్గర్లోని రాజేంద్రనగర్‌లో. విదేశీ హ్యాండ్లర్‌తో టెలిగ్రామ్‌లో టచ్‌లో ఉన్నారన్నది ఆరోపణ.

ఈ ఆరోపణలు నిజమో కాదో కోర్టులు తేలుస్తాయి. అయితే ఒకటి గమనించాలి. వీళ్లలో చదువు లేనివాళ్లని చెప్పడానికి లేదు. ఇంజనీర్‌, డాక్టర్‌.. డిగ్రీ ఉంటే వలలో పడరనే నమ్మకం పనికిరాదు. అలాంటి కేసుల్లో ఎయిర్‌పోర్ట్‌ స్కానర్‌కి దొరికేదీ ఏమీ ఉండదు.

వల ఎలా వేస్తారు?

మొదటి రోజే ఎవరూ బాంబుల గురించి మాట్లాడరు. ముందు కళ్లు చెమర్చే వీడియో. ఎక్కడో జరిగిన అన్యాయం. అది చూసి కామెంట్‌ పెట్టినవాళ్లకి ఒక పర్సనల్‌ మెసేజ్‌. ఆ తర్వాత చిన్న గ్రూప్‌, అక్కడి నుంచి టెలిగ్రామ్‌, సిగ్నల్‌ లాంటి యాప్‌లు. రెండు మాటలు మాత్రం పదే పదే వినిపిస్తాయి. 'నిన్ను అర్థం చేసుకునేది మేమే', 'ఇంట్లో చెప్పొద్దు'. చివరికి ఒక చిన్న పని అప్పగిస్తారు. అది చేశాక వెనక్కి రావడానికి భయం పట్టుకుంటుంది.

గమనిస్తే, కంబోడియా, మయన్మార్‌లలో డేటా ఎంట్రీ ఉద్యోగాలంటూ తెలుగు కుర్రాళ్లని సైబర్‌ మోసాల డెన్‌లకి తరలించే ఏజెంట్ల లెక్కా ఇలాంటిదే. ముఖం చూడని మనిషి, టెలిగ్రామ్‌ చాట్‌, సీక్రెట్‌. ఒకరు డబ్బు ఆశ చూపిస్తారు, ఇంకొకరు 'గొప్ప పని' ఆశ చూపిస్తారు.

ఇది ఒక్క మతం సమస్యా? కాదు. 2019లో న్యూజిలాండ్‌ క్రైస్ట్‌చర్చ్‌ మసీదుల్లో 51 మందిని చంపిన వ్యక్తి శ్వేతజాతి దురహంకారి. అతను అలా మారడంలో యూట్యూబ్‌ పాత్ర పెద్దదేనని ఆ దేశ రాయల్‌ కమిషన్‌ రిపోర్ట్‌ చెప్పింది. ఇక మన దేశంలో 2015లోనే వెయ్యి మందికి పైగా ముస్లిం మతపెద్దలు ఐసిస్‌కి వ్యతిరేకంగా ఫత్వాపై సంతకాలు చేశారు.

తల్లిదండ్రులు ఎందుకు ఫోన్‌ చేయరు?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. కొడుకులో మార్పు ముందు కనిపించేది అమ్మకే. కానీ పోలీసులకి చెబితే ఏమవుతుంది? ఐసిస్‌ని కేంద్రం 2015 ఫిబ్రవరిలో నిషేధించింది. కేసు పడితే ఉపా చట్టం. బెయిల్‌ కష్టం, ఛార్జిషీట్‌కే 180 రోజుల దాకా గడువు ఉంటుంది. పైగా 2007 మక్కా మసీదు పేలుడు తర్వాత పోలీసులు పట్టుకెళ్లిన పలువురు యువకులు చివరికి కోర్టుల్లో నిర్దోషులుగా బయటపడ్డారు. వాళ్లకి ఉమ్మడి ఏపీ ప్రభుత్వం పరిహారం కూడా ప్రకటించింది. పాతబస్తీ ఇది మర్చిపోలేదు. అందుకే చాలా ఇళ్లలో అనుమానం వచ్చినా నోరు విప్పరు. ఆ మౌనమే హ్యాండ్లర్‌కి కలిసొస్తోంది.

జర్మనీ దీనికి ఒక దారి చూపింది. 2012లో అక్కడి వలసలు, శరణార్థుల వ్యవహారాల ప్రభుత్వ విభాగం కుటుంబాల కోసమే ఒక హెల్ప్‌లైన్‌ పెట్టింది. ఫోన్‌ చేస్తే ముందు మాట్లాడేది కౌన్సెలర్‌. తెలంగాణలోనూ అలాంటి నంబర్‌ ఒకటి ఉంటే, నేరం జరగకముందే చెప్పిన కుటుంబానికి భరోసా ఇస్తే, 2014 నాటి మంచి ప్రయత్నం మధ్యలో ఆగిపోకుండా ముందుకెళ్తుంది.

ఇంట్లో ఏం చూడాలి? ఏం చేయాలి?

* గడ్డం పెంచడం, నమాజుకి వెళ్లడం, మాల వేసుకోవడం లక్షణాలు కావు. భక్తిని అనుమానించొద్దు.
* చూడాల్సింది దాపరికం. రెండో సిమ్‌, కొత్త అకౌంట్లు, పాత ఫ్రెండ్స్‌తో ఒక్కసారిగా కటీఫ్‌, ఎవరినో 'వాళ్లు బతకకూడదు' అనే మాటలు, ఇంట్లో చెప్పకుండా పాస్‌పోర్ట్‌, ప్రయాణాల ఆరా.
* ఫోన్‌ లాక్కోవద్దు, కొట్టొద్దు. లాక్కుంటే ఇంకో ఫోన్‌ వస్తుంది, మాట మాత్రం పోతుంది. ఏం చూస్తున్నావో నాకూ చూపించమని అడగండి. కోపం కాకుండా ప్రశ్నలు ఉండాలి.
* ఛాట్‌లు డిలీట్‌ చేయొద్దు. వల వేసినవాడిని పట్టుకోవడానికి అవే ఆధారం.
* వాడు గౌరవించే ఒక పెద్దమనిషిని కలపండి. మామయ్య, లెక్చరర్‌, ఇమామ్‌.. ఎవరైనా సరే.
* ఒంటరితనం, డిప్రెషన్‌ కనిపిస్తే టెలీ మానస్‌ 14416కి కాల్‌ చేయొచ్చు.
* హింస గురించి గానీ, దేశం దాటడం గురించి గానీ మాట వస్తే ఆగొద్దు. వెంటనే 100 లేదా 112కి చెప్పండి. ఆ టైంలో ఆలస్యం చేస్తే నష్టం వాడికే ఎక్కువ.

శంషాబాద్‌లో ఆపిన ప్రతిసారీ ఒక ప్రమాదం తప్పి ఉండొచ్చు. కానీ అప్పటికే ఒక కుర్రాడు నిందితుడైపోయాడు, ఒక ఇల్లు కోర్టుల చుట్టూ తిరగడం మొదలైంది. ఆరు నెలల ముందు భోజనాల దగ్గర జరిగే ఒక సంభాషణకి అంత ఖర్చు లేదు. ఆ సంభాషణకి ధైర్యం చేసే తల్లిదండ్రులకి అండగా నిలవాల్సింది మాత్రం ప్రభుత్వమే.