పొట్లంలో ప్రాణం ఉన్నదా?

మా రామగుండంలో బొగ్గుతో యూరియా చేసిన పాత ఫ్యాక్టరీ 1980లో మొదలై 1999లో మూతపడింది. గ్యాసుతో నడిచే కొత్తది 2021లో ఉత్పత్తి ప్రారంభించింది. ఏడాదికి 12.7 లక్షల టన్నులు దాని సామర్థ్యం. గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మార్చడానికి అక్కడ దాదాపు 400 డిగ్రీల వేడి, దానికి తోడు విపరీతమైన ఒత్తిడి కావాలి. అదే పనిని కంది వేరు బుడిపెలో రైజోబియం అనే బాక్టీరియా మామూలు మట్టి వేడిమిలోనే, చడీచప్పుడు లేకుండా చేస్తుంది. బుడిపెను గోటితో గిల్లి చూడండి, లోపల గులాబి రంగు ఉంటే పని జరుగుతున్నట్టే.

సూడోమోనాస్ ఫ్లోరోసెన్స్‌ది మరో దారి. వేళ్ల చుట్టూ చేరి మట్టిలోని ఇనుమును పట్టేసే పదార్థాలను వదులుతుంది. ఇనుము దక్కని తెగులు శిలీంధ్రం చిక్కిపోతుంది. (దీని పక్కనే పెట్టి అమ్మే ట్రైకోడెర్మా బాక్టీరియా కాదు, అదీ శిలీంధ్రమే. మన బి.యస్సీ. వాళ్లే కొందరు రెంటినీ కలిపేస్తుంటారు!)

మరి రైతు ఎందుకు నమ్మడు? మా బాపును అడిగితే, "ఏసి సూసిన, ఏం కాలే" అన్నాడు. అది మొండితనమంటే నేను ఒప్పుకోను. ఆ పొట్లాలు అమ్మే కొట్టుకు పోయి చూసిన. రేకుల కింద, మే నెలలో, పురుగుమందు డబ్బాల నడుమ పడి ఉన్నవి. మా గనుల దిక్కు ఎండ సంగతి చెప్పాలా? యూరియా బస్తా ఎండకు చావదు; బాక్టీరియా చస్తుంది. బాపు చల్లింది ఉత్త పొడి కావచ్చు.

చట్టం లేక కాదు. 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో 2006లో జీవన ఎరువులను చేర్చారు. పొడి రైజోబియంలో గ్రాముకు కనీసం 5 కోట్ల సజీవ కణాలు ఉండాలి. కొనే రైతు వాటిని కంటితో లెక్కించలేడు గదా! మనం లెక్కించగలం. పదింతలు పదింతలుగా పలుచన చేసి, అగర్ ప్లేటు మీద పోసి, నాలుగైదు రోజులకు కాలనీలు లెక్కపెట్టడం మనం ప్రాక్టికల్సులో చేసేదే. మార్కులు పడగానే ప్లేట్లు కడిగేస్తాం.

యూరియా మానమనడం లేదు. వరికీ పత్తికీ బాక్టీరియా ఒక్కటే చాలుననేవారు రైతును మోసం చేస్తున్నట్టే. నేను అడిగేది చిన్నది: విత్తనాలకు ముందు రెండు శనివారాలు మన ల్యాబు తెరవాలి. సర్టిఫికెట్ మనం ఇవ్వలేం, చచ్చిందో బతికిందో చెప్పగలం. సావనీరు ప్రకటనల కోసం తిరిగినట్టే యూనియన్ మిత్రులు అగర్ ఖర్చుకూ తిరగాలి. మా ఊరి పొట్లాలు నేను మోసుకొస్తాను.