జర్మన్ భాషాసాహిత్య అధ్యయన ఐక్యతపై తీర్మానం

భాష బోధించేవారు ఒక గదిలో, సాహిత్యం బోధించేవారు మరో గదిలో కూర్చుని, ఒకరి పరిశోధన ఒకరు చదవని స్థితి రావడం పట్ల హైదరాబాదులో జర్మన్ బోధించే అధ్యాపకుల ఈ సభ ఆందోళన వ్యక్తం చేస్తున్నది.

1846లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో యాకోబ్ గ్రిమ్ అధ్యక్షతన జరిగిన తొలి జర్మానిస్టుల సమావేశంలో భాషావేత్తలు, చరిత్రకారులు, న్యాయశాస్త్రజ్ఞులు కలిసి కూర్చున్నారని సభ గుర్తుచేస్తున్నది. తరువాత సాహిత్య విమర్శలో తరానికో సిద్ధాంతం వచ్చింది. షేరర్ కవి జీవితంలో కారణాలు వెతికాడు. డిల్టై అనుభూతికి పెద్దపీట వేశాడు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక విమర్శకులు కైజర్, ష్టైగర్ రచనను రచనలోనే చూడాలన్నారు. 1967లో రొమాన్స్ భాషల పండితుడైన యౌస్ పాఠకుణ్ణి ముందుకు తెచ్చాడు. వీటిలో దేన్నీ తోసిపుచ్చలేం, ఏ ఒక్కటీ చాలదు.

నాజీల కాలంలో జర్మన్ భాషాసాహిత్య అధ్యయనం జాతివాదానికి ఊడిగం చేసిన తీరును 1966లో మ్యూనిక్‌లో జరిగిన జర్మానిస్టుల సమావేశంలో కొన్రాడి, లెమ్మెర్ట్ తదితర పండితులు నిలదీశారు. అందరూ ఒకే పాట పాడితే ఏమవుతుందో ఆ చరిత్ర చూపింది. కనుక ఈ సభ కోరే ఐక్యత ఏకాభిప్రాయం కాదు, కలిసి చేసే పని.

అటువంటి పనికి గ్రిమ్ సోదరులు మొదలుపెట్టిన జర్మన్ నిఘంటువే సాక్ష్యం. తొలి సంపుటం 1854లో వెలువడింది. 1863లో యాకోబ్ కన్నుమూసేనాటికి పని ‘ఫ్రుఖ్ట్’, అంటే పండు, అన్న మాట దగ్గర ఉంది. తరువాతివారు అక్కడే అందుకున్నారు. దేశం రెండు ముక్కలయ్యాక కూడా తూర్పు బెర్లిన్, పశ్చిమాన గ్యోటింగెన్ పండితులు పని పంచుకుని 1961 నాటికి పూర్తిచేశారు. మాట పుట్టుక, లూథర్ వాడుక, గ్యోతే వాక్యం అందులో పక్కపక్కనే ఉంటాయి. ఆ పుట ముందు భాషావేత్త, సాహిత్య విమర్శకుడు అన్న తేడా నిలవదు.

అందుచేత ఇందుమూలంగా తీర్మానించడమైనది: ఎం.ఏ. మొదటి సంవత్సరంలో భాషాశాస్త్రం, మధ్యయుగ సాహిత్యం, ఆధునిక సాహిత్యం బోధించేవారు ముగ్గురూ ఒకే తరగతిలో ఒకే రచనను కలిసి చెప్పాలి. 1966 నాటి మ్యూనిక్ ప్రసంగాలను పాఠ్యప్రణాళికలో చేర్చాలి. పరిశోధకుడు ఏ సిద్ధాంతం పట్టుకున్నాడన్నది మూల్యాంకనంలో లెక్కకు రాకూడదు. రచనను ఎంత శ్రద్ధగా చదివాడు, ఏ ఆధారాలు చూపాడు అన్నవే చూడాలి. జర్మనీలో చదువు కోసం భాష నేర్చుకునే మన పిల్లలకు కూడా తొలి ఏడాదే ఒక కథో కవితో చెప్పాలని సహోద్యోగులను సభ అభ్యర్థిస్తున్నది.

మూల్యాంకన నిబంధనపై ఇద్దరు సభ్యులు భిన్నాభిప్రాయం నమోదు చేశారు. మిగిలినవారి ఆమోదంతో తీర్మానం నెగ్గింది.