మన పట్నంలో మనవాళ్ళు: కోటా రామస్వామి

దేశం తరఫున క్రికెట్టు ఆడటం గొప్పే, టెన్నిసు ఆడటమూ గొప్పే. రెండూ ఒక్కరే ఆడారనీ, ఆయన మన మద్రాసు తెలుగువాడేననీ మన పిల్లల్లో ఎందరికి తెలుసు?

రామస్వామిగారు 1896 జూన్ 16న ఇక్కడే పుట్టారు. తండ్రి బుచ్చిబాబు నాయుడుగారు. ఆ రోజుల్లో చెపాకులో ఆటకు వెళ్ళిన మనవాళ్ళు, దొరలు పెవిలియన్‌లో భోంచేస్తుంటే, తాము చెట్ల నీడన కూర్చుని తినవలసి వచ్చేదట. అది సహించలేక బుచ్చిబాబుగారు 1888లో మద్రాస్ యునైటెడ్ క్లబ్బు పెట్టి మన కుర్రవాళ్ళకు ఆట నేర్పించారు. దొరలతో సరిసమానంగా ప్రెసిడెన్సీ మాచీ కుదుర్చుకుని, తీరా అది జరగకముందే 1908లో కన్నుమూశారు.

అటువంటి ఇంట పుట్టిన బిడ్డకు ఆట రాకపోతే వింత గాని వస్తే వింతేముంది! కేంబ్రిడ్జిలో చదువుకునే రోజుల్లో, 1922లో, డేవిస్ కప్పులో భారత జట్టుకు ఆడారు. రుమేనియాను ఓడించిన ఆ జట్టు స్పెయిన్ చేతిలో ఓడింది. తర్వాత స్వదేశం వచ్చి వ్యవసాయశాఖలో ఉద్యోగం చేస్తూ, ఎడమచేతి వాటంతో క్రికెట్టు ఆడుతూనే ఉన్నారు.

1936లో ఇంగ్లండు వెళ్ళిన జట్టుకు నాయకుడు విజయనగరం మహారాజకుమార్. సి.కె. నాయుడుగారూ ఉన్నారు. జట్టులో కలహాలకు కొదవలేదు. అమర్‌నాథ్‌ను మధ్యలోనే ఇంటికి పంపేశారు. ఆ గొడవల నడుమ జూలైలో మాంచెస్టరులో రామస్వామిగారు మొదటి టెస్టు ఆడారు. అప్పటికి ఆయనకు నలభై నిండాయి! చాలామంది బాటు అటకెక్కించే వయసు. 40, 60 పరుగులు చేశారు. తర్వాత ఓవల్ మైదానంలో 29, ఆపైన అవుట్ కాకుండా 41. రెండు టెస్టులు, 170 పరుగులు, సగటు 56.66. అంతే. మన జట్టు మళ్ళీ టెస్టు ఆడింది యుద్ధం ముగిశాక, 1946లో.

ఆయన మంచి వయసులో ఉండగా మనకు టెస్టులే లేవు; మొదటిది 1932లో గాని రాలేదు. ఈ లెక్క తలచుకుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది. ఆయన మాత్రం ఆటను వదలలేదు. 1953లో వెస్టిండీసు వెళ్ళిన జట్టుకు మేనేజరుగా వెళ్ళారు, 1966లో ఆత్మకథ అచ్చువేశారు.

1985 అక్టోబరు 15న, ఎనభై తొమ్మిదో ఏట, ఇల్లు వదలి బయటికి వెళ్ళారు. తిరిగి రాలేదు. ఏమయ్యారో ఎవరికీ తెలియలేదు. క్రికెట్టు పంచాంగం వంటి విజ్డెన్ చాలాకాలం ఆయన పేరు పక్కన, మరణించి ఉంటారని భావిస్తున్నట్టు మాత్రమే వ్రాసుకుంది.