ముఫ్త్ అంటే బేషర్త్ కాదు

మొన్న ఒక దావత్‌లో మా భాంజా నన్ను పక్కకు పిలిచాడు. వాడి కంపెనీ దుకాణాలకి హిసాబ్ రాసే సాఫ్ట్‌వేర్ అమ్ముతుంది. అందులో ఒక జీపీఎల్ లైబ్రరీ కలిపేశారట. "సార్, ఈ లైసెన్సు మన లైసెన్సుతో కుదరదు" అని వీడంటే, మేనేజర్ నవ్వి, "ఓపెన్ సోర్సే కదా, ముఫ్త్ మాల్. లోపల ఎవడు చూస్తాడు?" అన్నాడట.

ఆ నవ్వు మీదే నా గుస్సా.

మన ఇళ్లల్లో ఎంతోమంది పిల్లలు ఈ పనిలో ఉన్నారు. అందుకే అమ్మీ అబ్బాలకీ అర్థమయ్యేలా చెప్తాను. ఇక్కడ లైబ్రరీ అంటే కుతుబ్‌ఖానా కాదు, ఎవరో మెహనత్ చేసి ముందే రాసిపెట్టిన ప్రోగ్రాము ముక్క. రాసినవాడే దానికి మాలిక్. వాడుకోండి అని ఇజాజత్ ఇచ్చాడు, షర్తు పెట్టి ఇచ్చాడు. ఎంఐటీ లైసెన్సు షర్తు బహు హల్కా: నా పేరూ ఈ ఇజాజత్‌నామా తీసేయకండి, అంతే. ఎల్‌జీపీఎల్ ఇంకాస్త అడుగుతుంది: మీ కోడు మూసిపెట్టుకోండి, కానీ నా లైబ్రరీని మార్చుకునే వీలు కొన్నవాడికి ఉంచండి. జీపీఎల్ షర్తు గట్టిది. నా కోడుతో ఒకటిగా కలిపి చేసిన ప్రోగ్రామును బయటికి ఇస్తే, తీసుకున్నవాడికి మొత్తం సోర్సు ఇదే షర్తు మీద ఇవ్వాలి. కంపెనీ లోపలే వాడుకుంటే ఎవరికీ జవాబ్ చెప్పనక్కర్లేదు. అమ్మితే చెప్పాలి.

మరి మన మేనేజర్ సాబ్ లైసెన్సు ఏమంటుంది? సోర్సు చూడొద్దు, కాపీ చేయొద్దు. ఒకటి ఇవ్వమంటుంది, ఒకటి ఇవ్వొద్దంటుంది. రెండిటి మీదా ఒకేసారి అమల్ ఎలా చేస్తారు?

"జీపీఎల్ తగిలితే మన కోడంతా లాక్కుంటారు" అని డర్ పెట్టేవాళ్లదీ ఝూటే. షర్తు తప్పితే ఇజాజత్ పోతుంది, కాపీరైట్ దావా పడొచ్చు. ఆ లైబ్రరీ తీసేసి వేరేది పెట్టుకోవచ్చు. మాలిక్ వేరే లైసెన్సు అమ్మితే కొనుక్కోవచ్చు, క్యూటీ అలా రెండు దారుల్లోనూ దొరుకుతుంది. దారులున్నాయి. పైసా తీయాలి, లేదా పని చేయాలి.

ఇక "ఎవడు చూస్తాడు" సంగతి. 2003లో లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ అనే వైఫై రౌటర్ లోపల లినక్స్ ఉందని కొన్నవాళ్లే తవ్వి పట్టుకున్నారు. లినక్స్‌ది జీపీఎల్, సోర్సు మాత్రం ఇవ్వలేదు. అదే ఏడాది లింక్‌సిస్‌ని సిస్కో కొన్నది. బలా కూడా మాల్‌తో పాటే వచ్చింది. చివరికి సోర్సు బయటపెట్టాల్సి వచ్చింది, దాని మీదే ఓపెన్‌వర్ట్ పుట్టింది. అంతటితో అయిపోలేదు. 2008 డిసెంబర్‌లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ సిస్కో మీద దావా వేసింది. 2009 మేలో రాజీ కుదిరింది: లింక్‌సిస్ వ్యవహారం చూడటానికి ప్రత్యేకంగా ఒక డైరెక్టర్‌ని పెట్టాలి, ఫౌండేషన్‌కి చందా కట్టాలి. సిస్కోకి వకీళ్లు లేకనా?

నాకు మండేది ఇంకొకటుంది. ఇదే మేనేజర్, ఒక్క లైసెన్సు కొన్న దుకాణదారు రెండు కంప్యూటర్లలో వేసుకుంటే చోరీ అంటాడు, నోటీసు పంపుతాడు. తనది హఖ్, పక్కవాడిది ముఫ్త్. మాల్-ఎ-ముఫ్త్, దిల్-ఎ-బేరహమ్ అని మా నానీ ఊరికే అనేది కాదు. అమీర్‌పేటలో కోర్సుల బోర్డులు చూసి చూసి కళ్లు తిరుగుతాయి. లైసెన్సు ఫైలు చదవడం నేర్పుతామన్న బోర్డు నాకైతే ఒక్కటీ కనపడలేదు.

భాంజాతో అన్నాను: "బేటా, నోటితో చెప్పి ఊరుకోకు. ఏ లైబ్రరీ, ఏ లైసెన్సు, ఎందుకు కుదరదో ఈమెయిల్‌లో రాసి పంపు. రేపు నోటీసొస్తే ఆయన వేలు నీ వైపే తిరుగుతుంది."

ఆ రాత్రే పంపాడు. పది రోజులైంది, జవాబ్ లేదు. సాఫ్ట్‌వేర్ మాత్రం అమ్ముతూనే ఉన్నారు.